మామ పట్టు

తాటిచెట్టు ఎక్కేవాడికి భయం ఎక్కేటప్పుడు ఉండదు, దిగేటప్పుడు ఉంటుంది. ఎక్కేటప్పుడు చూపంతా గెల మీద ఉంటుంది. దిగేటప్పుడే నేల ఎంత దూరాన ఉందో తెలిసివస్తుంది. చెట్టు కింద నిలబడ్డ పెళ్ళానికి మాత్రం రెండూ ఒకటే. మగడి పాదం మట్టిని తాకేదాకా ఆమె మెడ దించదు.

స్వరూప ఆ పొద్దున తాటివనంలో అట్లాగే మెడ పైకెత్తి నిలబడింది. పైన ఆమె మగడు శ్రీశైలం. బొమ్మగానోళ్ళ ఇంట పుట్టి, నడకతోపాటే మోకు తాడుతో చెట్టెక్కడం నేర్చినవాడు. మూడేళ్ళ కింద ఇదే వనంలో చెట్టు మీంచి పడి, మెడ దగ్గర నరం చితికి, కాళ్ళూ చేతులూ ఉన్నాయన్న పేరే గాని పిండని తడిబట్టల్లా వేలాడదీసుకుని మంచాన పడ్డవాడు. ఏడాదిగా మళ్ళీ ఎక్కుతున్నాడు. ఎక్కి, వేరేవాళ్ళు గీసిన గెలల కింది కల్లు లొట్లు దించుకొస్తున్నాడు. కల్లు ఊరేలా కత్తితో గెల గియ్యడం మాత్రం ఇంకా చేతగాలేదు. గియ్యలేని గౌడు ఎంత ఎక్కితే ఏం లాభం, ఒకరి ఇంట్లో ఇంకొకరు కాపురం చేసినట్టే. పడ్డాక ఇవాళే మొట్టమొదటిసారి నడుముకు కత్తి కట్టుకుని ఎక్కుతున్నాడు.

చూడటానికి హైదరాబాదు నుంచి పెద్దసార్లు వచ్చారు. వాళ్ళు మెచ్చితే, అతన్ని మంచం మీంచి లేపిన ల్యాబు నిలుస్తుంది, లేకుంటే తాళం పడుతుంది. ల్యాబు పెద్ద డాక్టర్ ముకుందం గొడుగు పట్టుకుని కుర్చీల చుట్టూ పెళ్ళిపెద్దలా తిరుగుతున్నాడు.

ముకుందం సారు చేసిన యంత్రం చింతగింజంత ఉంటుంది. మెడ వెనక తోలు కింద కూర్చోబెడతారు. లోపల నడిచేది ఏ కాలేజీ కంప్యూటర్లోనైనా ఉండే లినక్సే. చితికిన నరం చెప్పలేని మాటను అది కండకు చెబుతుంది. కాని ఆ మాట దానికి ముందు ఎవరో ఒకరు నేర్పాలి. అందుకని పనిమంతుడి ఒంటికి తీగలు అంటించి, అతను పని చేస్తుంటే ఏ కండ ఎట్లా కదిలిందో పట్టుకుంటారు. మోకాలిది ఒక ఫైలు, బొటనవేలిది ఒకటి, ఊపిరిది ఒకటి, చేతి పట్టుది ఒకటి. అన్నీ కలిపి కడితే ప్యాకేజీ. ల్యాబులో అందరూ దాన్ని మూట అనే అంటారు. నడక మూట, అన్నం మూట, చెట్టు ఎక్కుడు మూట.

శ్రీశైలానికి ఎక్కుడు మూట ఇచ్చింది వాళ్ళ నాయినే. ఆ మూట కట్టింది స్వరూప. డిగ్రీలో కంప్యూటర్లు చదివి, ల్యాబులో మూటలు కట్టే కొలువులో ఉంది. తీగలన్నీ అంటించుకున్నాక ముసలాయన తన ఒళ్ళు తానే చూసుకుని, "గిట్ల వోతే చెట్టే నన్ను సూసి బెదురుతది బిడ్డా," అన్నాడు. అయినా ఎక్కాడు. ఎక్కి, దిగి, చెట్టు మొదలును గేదె వీపు నిమిరినట్టు నిమిరి వచ్చి కూర్చున్నాడు.

పట్టు ఫైలుకు పేరు పెట్టే చోట స్వరూప వేళ్ళు ఆగిపోయాయి. ల్యాబు పద్ధతి ప్రకారం ముందు ఇచ్చిన మనిషి పేరు, తర్వాత పని పేరు. మామ పేరు కోడలు పలకదు. పలకనిది రాస్తుందా? ఎంత చదివినా కొన్ని నోటికి రావు. "మామ-పట్టు" అని కొట్టింది.

"ఏం రాసినవ్ బిడ్డా?"

"నీ పేరే మామా."

"నా పేరా? నువ్వెన్నడు నేర్సినవ్?" అని పకపకా నవ్వాడు ముసలాయన. ఆ చలికాలంలోనే పోయాడు.

తర్వాత ఆ పట్టు శ్రీశైలం చేతికి ఎక్కింది. మోకుకైనా, చాయ్ గ్లాసుకైనా, అన్నిటికీ అదే పట్టు. మొదట్లో గ్లాసును అచ్చం వాళ్ళ నాయినలాగే అంచు మీద వేళ్ళు పరచి ఎత్తేవాడు, తాగాక లొట్టి దించినట్టు ధబీమని పెట్టేవాడు. కాని ఆ ఫైలుకు ఒక గుణముంది. వాడుకున్నంతసేపూ నేర్చుకుంటుంది, మూసేటప్పుడు నేర్చిందంతా తనలోనే రాసుకుంటుంది. నెలలు గడిచేకొద్దీ తండ్రి చెయ్యి కొడుకు చెయ్యిగా మారుతూ వచ్చింది. ఒకనాడు శ్రీశైలం గ్లాసును రెండు అరచేతుల మధ్య పొదువుకుని, చెంపకు ఆనించుకుని తాగాడు. పెళ్ళైన కొత్తలో అట్లాగే తాగేవాడు. స్వరూప పొయ్యి దగ్గరికి పోయి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

వనంలో గాలి లేచింది. ఎండిన మట్టలు గలగలమన్నాయి. శ్రీశైలం అప్పటికి చెట్టు నడిమికి పోయాడు. మోకు పైకి విసరడం, కాళ్ళు లాక్కోవడం, మళ్ళీ విసరడం, ఎక్కడా తొట్రుపాటు లేదు. చూసేవాళ్ళ ముఖాల్లో మెప్పు కనబడుతోంది.

స్వరూప ఊరికే నిలబడలేక, బల్ల మీదున్న ల్యాప్‌టాప్ దగ్గరికి పోయి పొద్దున గీత మూట ఎక్కించినప్పటి వివరాలు పైకి జరుపుతూ చదవసాగింది. ఒకచోట ఆమె వేలు ఆగింది.

*మామ-పట్టు: ఈ పేరుతో ఫైలు ఇదివరకే ఉంది. అది ఎక్కుడు మూటది. గీత మూట అదే పేరుతో తెచ్చింది. మీరు చెప్పినందున బలవంతంగా పైన రాశాను.*

ఆమె మళ్ళీ చదివింది.

"ఉమా! గిటురా. గిదేంది?"

ఉమారాణి ఆమెతోపాటు మూటలు కట్టే పిల్ల. మారగోనోళ్ళ కోడలు. ఆమె మామ గీతలో పేరు మోసినవాడు. కత్తిని పువ్వును పట్టినట్టు పడతాడు, గట్టిగా పడితే గెల అలుగుతుందంటాడు. శ్రీశైలం కోసం కట్టిన గీత మూట ఆయనదే.

ఉమారాణి వంగి చూసింది. "ఓ గదా అక్కా. పొద్దుగాల మూట ఎక్కిస్తుంటే ఆగింది. దానికి ముందు ఒకసారి ఎక్కిస్తే సగంల తెగిపాయె, ఆ ముక్క మిగిలిందేమో అనుకున్న. నేను పెట్టిన పేరే ఉండె. సారేమో అయిందా అయిందా అని నెత్తి మీద కూసున్నడు. అంతా సదవకనే పైన రాయమన్న."

"నువ్వు పెట్టిన పేరేంది? పద్ధతి ప్రకారం మీ మామ పేరుండాలె గదా."

"మా మామ పేరు నేనెట్ల రాస్త?" అంది ఉమారాణి, ఇది కూడా అడగాలా అన్నట్టు. అని స్వరూప ముఖం చూసింది. "అంటే... నువ్వు గూడ..."

ఇద్దరు కోడళ్ళు, రెండిళ్ళ మర్యాద, రెండు ఫైళ్ళకు ఒకటే పేరు. ఇన్నాళ్ళూ ఒక్కో మూట ఒక్కో మనిషిలో ఉన్నందున ఎవరికీ పట్టుబడలేదు. రెండూ ఒకే మెడలోకి పోయింది ఇవాళే. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని యంత్రం చెబుతూనే ఉంది. మనిషే వినలేదు.

ముకుందం గొడుగుతో సహా పరుగున వచ్చాడు. "ఏందమ్మా గుసగుస? పెద్దమనుషులు సూస్తున్నరు."

చెప్పింది. ఆయన ఒకసారి చెట్టు వైపు, ఒకసారి తెర వైపు చూశాడు. "పైన రాసినట్టయితే ఎక్కుడు పొద్దుగాలే ఆగిపోవాలె గదా? మంచిగనే ఎక్కుతున్నడు. పాతదే ఉన్నట్టుంది. నువ్వు ఉత్తగ పరేషాన్ గాకు."

స్వరూప కూడా ఒక్క క్షణం ఆ మాటను పట్టుకుని వేలాడింది. తర్వాత చెయ్యి జారింది. "కాదు సార్. ఆయన మోకు చేతవట్టి నిలబడ్డంక మనం గీత మూట ఎక్కించినం. అప్పటికే ఎక్కుడు మూట పాత ఫైలును తెరిచి పెట్టుకుంది. తెరిచి ఉన్నదాని పేరు ఇంకోదానికి పోయినా లోపలి సరుకు పోదు. పట్టుకున్నోడు ఇడిసేదాక ఉంటది. ఇడిస్తే పోతది."

ముకుందానికి ఇది కొత్త సంగతి కాదు. పాఠంగా ఎన్నోసార్లు చెప్పినవాడే. పాఠం చెట్టు మీద వేలాడటం మాత్రం ఇదే మొదటిసారి. ఆయన గొడుగు నెమ్మదిగా కిందికి వాలింది.

"ఎప్పుడు ఇడుస్తడు?"

"కత్తి ముట్టినప్పుడు. గీత మూట లేస్తది, ఎక్కుడు మూట మూసుకుంటది."

కత్తి ముట్టకుండా అట్లాగే దిగివస్తే అన్నీ దక్కుతాయి. పేరు లేని ఆ ఫైలును మెల్లగా బయటికి తీసి, దానికొక సొంత పేరు పెట్టుకోవచ్చు. ముట్టాడో, ఏడాదిపాటు అతని చేతిలో పెరిగిన పట్టు గాలిలో కలుస్తుంది. అంతటితో పోదు. గీసి, కత్తి ఒరలో పెట్టి, దిగడానికి మోకు మీద చెయ్యి వేసినప్పుడు ఆ చేతికి "మామ-పట్టు" అన్న పేరుతో దొరికేది పువ్వును పట్టే పట్టు. అంత ఎత్తున, పువ్వును పట్టినట్టు మోకును పడితే...

శ్రీశైలం మట్టల కిందికి చేరాడు. మోకు నడుముకు బిగించి వెనక్కి వాలాడు. చెయ్యి ఇంకా తాడు మీదే ఉంది.

స్వరూప పరుగెత్తింది. కుర్చీల మధ్యనుంచి, ఒకాయన కాళ్ళు తొక్కి, చెట్టు మొదట్లోకి పోయి, నోటి చుట్టూ చేతులు పెట్టి అరిచింది.

"ఇగో! ఓ ఇగో! కత్తి ముట్టకు! అట్లనే దిగు!"

గాలికి మట్టలు మళ్ళీ గలగలమన్నాయి. మాటలు మధ్యలోనే చెల్లాచెదరై, పైకి పోయింది పిలుపు ఒక్కటే. శ్రీశైలం తల వంచి కిందికి చూశాడు.

అప్పుడు ఆమెకు గుర్తొచ్చింది. కాపురానికొచ్చిన నాటినుంచి తెలిసిందే, భయంలో మరిచింది. అంత ఎత్తునుంచి గొంతు కిందికి దిగదు గనుక చెట్టు మీదివాడు పిలిస్తే నోటితో పలకడు. కత్తి తీసి, వెనకవైపుతో మట్ట మీద కొడతాడు. విన్నాను, ఏందో చెప్పు అని దానర్థం.

"వద్దు!" అంది, ఈసారి తనకే వినబడనంత చిన్నగా.

టక్. టక్.

వెనక బల్ల దగ్గర ఉమారాణి ఏదో అంది. తెర మీద చూడనక్కరలేకపోయింది. ఇద్దరు ముగ్గురు పెద్దసార్లు చప్పట్లు కొట్టారు. ఇది కూడా ప్రదర్శనలో ముచ్చట అనుకున్నారు పాపం.

ఏడ్వడానికి వ్యవధి లేదు. స్వరూప బల్ల దగ్గరికి తిరిగొచ్చింది. "పోయింది?"

"పోయిందక్కా. మూసుకుంది." ఉమారాణి కళ్ళ నిండా నీళ్ళు. "నేనే సంపిన."

"ఏడ్పు తర్వాత. ఆయన దిగేలోపల మోకుకు ఒక పట్టు పెట్టాలె. ఎక్కుడు మూట అసలుది ల్యాప్‌టాప్‌లున్నది గదా, దాంట్లనుంచి మా మామది తియ్యి. నువ్వే కొట్టు, నేను పైకి సూస్తుంట."

"తీసిన. ఇప్పుడున్నదాన్ని కొట్టేసి ఇది పెట్టాల్నా?"

"కొట్టెయ్యకు! కొట్టేసి పెట్టేలోపల ఒక రెప్పపాటు ఆ చోట ఏమీ ఉండదు. ఆ రెప్పపాటులనే చెయ్యేస్తేనో? దీన్ని పక్కన వేరే పేరుతోని పెట్టు. పెట్టినంక ఎక్కుడు మూటకు ఆ పేరు చెప్పు. మీ మామది మీ మామ పేరు మీదికి మార్చు, గీత మూటకు అది చెప్పు. తెరిచి ఉన్నా పేరు మారిస్తే ఏంగాదు."

ముకుందం చెట్టు వైపు చూస్తూనే అడిగాడు. "అప్పటిదాక ఆయనను పైన ఎట్ల ఆపుతవ్?"

స్వరూప ఒక్క క్షణం ఆలోచించింది. కత్తి ఇప్పుడు శ్రీశైలం చేతిలోనే ఉంది. ఇక ఎంత పిలిచినా పోయేదేమీ లేదు. మళ్ళీ నోటి చుట్టూ చేతులు పెట్టింది.

"ఇగో! ఆ పక్క గెల గూడ గియ్యి!"

కొంచెం ఆగి, టక్.

"దాని యెనకది గూడ!"

పైన చెయ్యి ఆగింది. ఇంటికాడ సంగతి వేరు, చెట్టు మీదున్నవాడికి పెళ్ళాం పని చెప్పడం ఆ వనంలో ఇదివరకు జరగలేదు. అయినా టక్ మంది. పక్క చెట్ల కింద నిలబడ్డ తోటి కల్లుగీత గౌండ్లు నోళ్ళు మూసుకుని నవ్వారు. "సైలం పెండ్లాం చెట్టు కిందికెల్లే గీస్తుందిరా," అన్నాడొకడు.

"అక్కా, పేరు," అంది ఉమారాణి. "ఏం పేరు పెట్టాలె?"

"పద్ధతి ప్రకారం."

"అంటే?"

స్వరూప చెట్టు పైకి చూసింది. పైన శ్రీశైలం రెండో గెల మీదికి వంగాడు. పలుచటి పొరలు ఎండలో మెరుస్తూ కిందికి రాలుతున్నాయి. ఉమారాణి మామ లచ్చయ్య పట్టు మంచి పట్టే, గెల పసిపిల్లలా లొంగి ఉంది.

"పెంటయ్య," అంది స్వరూప. "బొమ్మగాని పెంటయ్య."

చెట్టు మీదున్న కొడుక్కి తండ్రి పేరు వినబడి ఉండదు. వినబడి ఉంటే ఏమనుకునేవాడో. ఉమారాణి టకటకా కొట్టింది. తర్వాత తన మామ పేరు కొట్టడానికి ముందు కళ్ళు మూసుకుంది. పెదవులు మాత్రం మారగోని లచ్చయ్య అన్నట్టు కదిలాయి, చప్పుడు రాలేదు.

"అయిందక్కా. ఎక్కుడు మూట పెంటయ్య మామను ఒప్పుకుంది."

శ్రీశైలం కత్తి తుడిచి ఒరలో పెట్టాడు.

ఆ చెయ్యి ఒర మీంచి లేచి మోకు దాకా పోవడానికి ఎంతసేపు పట్టిందో చూసినవాళ్ళెవరూ చెప్పలేరు. ముకుందం ఏదో శ్లోకం సగంలో ఆపాడు. స్వరూప పరుగున పోయి చెట్టును రెండు చేతులా కావలించుకుంది, పైవాడు జారితే చెట్టునే పట్టి ఆపుతానన్నట్టు. చెయ్యి మోకు మీద పడింది. వేళ్ళు విచ్చాయి. మూసుకున్నాయి. బిగిశాయి.

నిలిచాడు.

దిగడం మొదలైంది. నాలుగు పట్లు దిగి ఆగాడు. అరచెయ్యి బోర్లించి చెట్టును ఒకసారి నిమిరాడు. మళ్ళీ దిగాడు, మళ్ళీ ఆగాడు, మళ్ళీ నిమిరాడు. ముప్పై దాటని మగాడు అరవై దాటిన మనిషిలా చెట్టును బుజ్జగిస్తూ దిగుతున్నాడు. కింద గౌండ్ల నవ్వులు ఆగిపోయాయి. వాళ్ళలో వయసు మీదివాడొకడు నెత్తి మీది తువ్వాల తీసి చేతబట్టుకున్నాడు. స్వరూప కళ్ళెదుట దిగుతున్నది ఆమె మామ.

చప్పట్లు మోగాయి. పెద్దసార్లు లేచి ముకుందంతో చెయ్యి కలిపారు. ఆయన చెమట తుడుచుకుని, బల్ల దగ్గరికి చేరిన స్వరూప పక్కకు వచ్చి, "గండం గట్టెక్కింది తల్లీ. అంతా మంచిగనే అయింది," అన్నాడు.

"ఏం మంచిగ సార్? ఏడాది పోయింది," అంది స్వరూప. ఆయన తల దించుకుని, తనను పిలుస్తున్న కుర్చీల వైపు పోయాడు. పోకపోతే ల్యాబు పోతుంది.

శ్రీశైలం కాళ్ళకు వేసుకున్న గుజి తాడు విప్పి, మోకు భుజాన వేసుకుని బల్ల దగ్గరికి వచ్చాడు. ముఖమంతా చెమట, కళ్ళ నిండా కోపం.

"ఏమే, చెట్టు మీదున్నోన్ని పిలుస్తరానే? గా నలుగురు సార్ల ముందట గది గియ్యి గిది గియ్యి అనుకుంట..."

"నీ పట్టు పోయింది," అంది స్వరూప.

అతనికి అర్థం కాలేదు. ఆమె చెప్పింది. తన మర్యాద, ఉమారాణి మర్యాద, ఒకటే పేరు, తెరిచి ఉన్న ఫైలు, తన పిలుపు, అతని టక్. ఏదీ దాచలేదు. అతను అంతా విని, బల్ల మీదున్న స్టీలు గ్లాసు అందుకున్నాడు. వేళ్ళు అంచు మీద పరుచుకున్నాయి. నీళ్ళు తాగకుండానే ధబీమని పెట్టి, ఆ చెయ్యిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఎవరో అప్పిచ్చిన పనిముట్టును చూసినట్టు చూశాడు.

"మా నాయినది," అన్నాడు చివరికి.

"అవు."

"గెల గీసిన గని చెయ్యి పోగొట్టుకున్న. మంచిదే బేరం." నవ్వబోయాడు, నవ్వు సగంలో చచ్చిపోయింది. "మల్ల మొదటికెల్లి నేర్పాల్నా దీనికి?"

ఆ మాట అంటూనే, ఎందుకో, ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

స్వరూప ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ పని ఆమె చేయలేదు, ఒళ్ళే చేసింది. రెండో చెయ్యి కొంగును నెత్తి మీదికి లాగేసింది. మామ ఎదురుపడితే కోడలు చేసే పని. చేశాక ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. శ్రీశైలం కళ్ళలో చెట్టు మీద ఉన్నప్పుడు కూడా లేని భయం కనబడింది.

"ఇడుస్త," అన్నాడు. "ఇడుస్తనే, ఆగు."

విడవబోయాడు. ఆ పట్టుకు ధబీమని దించి విడవడమే తెలుసు, మెల్లగా విడవడం ఎరుగదు. మోకు మీద నేర్చింది, గుంజితే మోకు జారుతోందనుకుంటుంది. వేళ్ళు సడలడానికి బదులు ఇంకా బిగిశాయి. గాజు ఒకటి పుటుక్కుమని చిట్లి, ముక్క కాళ్ళ మధ్య మట్టిలో పడింది. మణికట్టు మీద సన్నగా నెత్తురు చిమ్మింది.

బల్ల వెనక ఉమారాణి అమ్మో అంది.

స్వరూప కొంగు నెత్తి మీంచి దించి భుజాన వేసుకుంది. వెనక్కి వేసిన అడుగు ముందుకు వేసింది. తన రెండో అరచెయ్యిని అతని వేళ్ళ మీద పెట్టి, చిటికెనవేలి కింద తన వేలు దూర్చింది.

"గుంజకు," అంది. "అలుకగ, మెల్లగ. ముందు దీన్ని ఇడువు... ఆఁ. ఇప్పుడు దాని పక్కది."